ఒకే మూడు హెచ్‌పీ, ఒకచోట 15.5 ఆంపియర్లు, మరోచోట 4.6: పాతనగరం పిండి మర కేసు

విశాఖ పాతనగరంలో, కురుపాం మార్కెట్‌కు దగ్గరి సందులో ఒక పిండి మర ఉంది. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా అరిసెల కోసం తడి బియ్యం ఆడించుకునేవారు అక్కడ బారులు తీరతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మర మొరాయించింది. మూడు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు పొద్దున బాగానే తిరిగేది. సాయంత్రం స్విచ్ వేస్తే మూలిగేది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్) పడిపోయేది, స్టార్టింగ్ కెపాసిటర్ పేలేది. కొత్త కెపాసిటర్ వేస్తే కొన్నాళ్లు నడిచి మళ్లీ మొదటికి వచ్చేది. వైండింగ్ నాసిరకమని ఒకరు, మోటారే పాతబడిందని ఇంకొకరు చెప్పారు. ‘మూడు హెచ్‌పీ చాలడం లేదు, ఐదు పెట్టండి. త్రీ ఫేజ్ తీసుకోండి, బిల్లు కూడా మూడో వంతుకు దిగుతుంది’ అన్న సలహా మాత్రం అందరి నోటా వచ్చింది.

చిన్న యూనిట్లలో మోటార్లు, ప్యానెళ్లు చూడటం నా వృత్తి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఆ సలహాయే. త్రీ ఫేజ్, అంటే ఒకటికి బదులు మూడు ఫేజు తీగల్లో కరెంటు ఇచ్చే సర్వీసు, తీసుకోమన్న మాట పనికొచ్చింది. దానికి చెప్పిన కారణాలు మాత్రం రెండూ తప్పు. కారణం తెలియకుండా మోటారు మార్చితే ఏమవుతుందో కూడా ఇదే మర దగ్గర కళ్లారా చూశాను.

మోటారు ఒంటి మీద కనిపించినవి

నేమ్ ప్లేట్ మీద పిండి గట్టకట్టి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే అంకెలు బయటపడ్డాయి: 2.2 కిలోవాట్లు, 3 హెచ్‌పీ, 230 వోల్టులు, 15.5 ఆంపియర్లు, 1440 ఆర్‌పీఎం. పక్కనే రెండు కెపాసిటర్లు. రన్నింగ్ కెపాసిటర్ చెక్కుచెదరలేదు. స్టార్టింగ్ కెపాసిటర్ డబ్బా ఒక పక్కకు ఉబ్బింది. మూత అంచు నుంచి గోధుమరంగు జిగురు కారి, దానికి పిండి అంటుకుని, మాడిన అట్టు ముక్కలా ఎండిపోయింది. వెనక కవరు విప్పి సెంట్రిఫ్యూగల్ స్విచ్ చూశాను. కాంటాక్టు బిళ్లలు నల్లబడి గుంటలు పడి ఉన్నాయి.

సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను కదలలేదు. ఒక్క ఫేజు ఇచ్చే అయస్కాంత క్షేత్రం ఉన్నచోటనే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది తప్ప తిరగదు. రెండో వైండింగ్‌లో కరెంటును కెపాసిటర్ కాస్త ముందుకు జరిపితేనే రోటర్‌కు, అంటే మోటారులో తిరిగే భాగానికి, ఒక దిశ దొరుకుతుంది. పూర్తి వేగంలో దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరగానే సెంట్రిఫ్యూగల్ స్విచ్ తెరుచుకుని స్టార్టింగ్ కెపాసిటర్‌ను పక్కకు తప్పిస్తుంది. కొద్ది క్షణాలు పనిచేయడానికే ఆ కెపాసిటర్‌ను తయారుచేస్తారు. మోటారు ఆ వేగం అందుకోవడానికి ఐదారు సెకన్లు పడుతూ, అది రోజుకు పదుల సార్లు జరుగుతుంటే లోపల ఉడికిపోతుంది. మోటారు ఎందుకంత నెమ్మదిగా లేస్తోందో తేల్చకుండా ఎన్ని కెపాసిటర్లు మార్చినా దండగే.

పాతనగరం ఇళ్లు ముందు ఇరుకు, లోపలికి పొడుగు. మీటరు సందు వైపు గోడకు ఉంది, మర పెరటి గదిలో ఉంది. మధ్యలో దాదాపు నలభై మీటర్ల వైరు. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దుకాణంలో ‘రెండున్నర వైరు’ అని అడిగితే ఇచ్చేది అదే. మోటారుకు కరెంటు వెళ్లడానికి నలభై మీటర్లు, తిరిగి రావడానికి మరో నలభై. దీని నిరోధం వెచ్చబడ్డాక దాదాపు 0.68 ఓమ్‌లు అవుతుంది. వినడానికి ఇది చాలా చిన్న అంకె, కానీ కరెంటు పెరిగే కొద్దీ ఈ వైరులో పోయే వోల్టేజీ కూడా పెరుగుతుంది.

బోర్డులో ఇంకో విషయం కంటబడింది. మొదట్లో ఉన్న 20 ఆంపియర్ల ఎంసీబీ తరచూ పడిపోతోందని ఎవరో దాన్ని తీసి 32 ఆంపియర్లది పెట్టారు. ఇది చాలా ప్రమాదకరం. ఎంసీబీ ముందుగా కాపాడవలసింది వైరును. పైపులో వేసిన రెండున్నర వైరు మీద 32 ఆంపియర్లు ఎడతెరిపి లేకుండా పారితే ఇన్సులేషన్ మెత్తబడుతుంది, ఎంసీబీ మాత్రం కదలదు. పిండి దుమ్ము ఎగిరే గదిలో అలాంటి వైరు ఉండటం నిప్పుతో చెలగాటమే. ముందు దాన్ని తీసి 20 ఆంపియర్లది బిగించాకే మిగతా పని మొదలుపెట్టాను.

సాయంత్రం కొలతలు

మర నడిపేది యాభై దాటిన ఒక ఇల్లాలు. నన్ను తమ్ముడూ అని పిలుస్తారు, నేను అక్కా అంటాను. వాళ్ల అబ్బాయి కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదువుతున్నాడు. అతన్ని మీటరు దగ్గర ఒక మల్టీమీటరుతో నిలబెట్టాను. రెండో మల్టీమీటరును మోటారు టెర్మినళ్లకు తగిలించాను. స్టార్టింగ్ కరెంటును పట్టుకునే క్లాంప్ మీటరును ఫేజు వైరుకు వేశాను. మోటారు టెర్మినల్ దగ్గర, అదీ స్టార్ట్ అవుతున్న క్షణంలో వోల్టేజీ కొలవకుండా ఇలాంటి కేసులో ఎవరు ఏం చెప్పినా అది ఊహే.

మర ఆపి ఉన్నప్పుడు మీటరు దగ్గర 212 వోల్టులు. స్విచ్ వేయగానే మీటరు దగ్గర 195కు పడింది, మోటారు దగ్గర 163కు పడింది. కరెంటు 60 ఆంపియర్లు. సెంట్రిఫ్యూగల్ స్విచ్ తెరుచుకున్న టక్కుమనే చప్పుడు వినిపించడానికి ఆరు సెకన్లు పట్టింది.

ఇండక్షన్ మోటారు తిప్పే బలం, అంటే టార్క్, వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 163ను 230తో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.5 వస్తుంది. అంటే స్టార్టింగ్‌లో ఈ మోటారుకు దక్కేది దాని అసలు బలంలో సగం. ఇక్కడ మరలో రాళ్ల మధ్య తడి బియ్యప్పిండి మిగిలిపోయి ఉంటోంది. పొడి గోధుమ అయితే రాళ్లు తేలిగ్గా కదులుతాయి. తడి పిండి రాళ్లకు పట్టుకుంటుంది. సగం బలంతో దాన్ని విదిలించుకుని లేవాలి. పొద్దున వోల్టేజీ బాగుంటుంది కాబట్టి లేస్తోంది, సాయంత్రం లేవలేకపోతోంది. సంక్రాంతి నెలలోనే ఇబ్బంది మొదలవడానికి కారణం ఇదే.

తిరగడం మొదలయ్యాక తొట్టి నిండుగా వదిలి చూశాం. మీటరు దగ్గర 207, మోటారు దగ్గర 196, కరెంటు 18.5 ఆంపియర్లు. నేమ్ ప్లేట్ కంటే మూడు ఆంపియర్లు ఎక్కువ.

‘వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా మామయ్యా?’ అన్నాడు అబ్బాయి. మామూలు ఫిలమెంటు బల్బుకు అది నిజం. మోటారు అలా కాదు. రాళ్ల మధ్య బియ్యం నలగడానికి ఎంత శక్తి కావాలో అంతా మర అడుగుతూనే ఉంటుంది. వోల్టేజీ తగ్గితే మోటారు కాస్త వేగం కోల్పోయి, ఆ లోటును ఎక్కువ ఆంపియర్లతో పూడ్చుకుంటుంది. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15.5కు బదులు 18.5 అంటే రాగిలో పుట్టే వేడి నలభై శాతానికి పైగా ఎక్కువ. ‘నాసిరకం వైండింగ్’ అన్న నింద ఈ మోటారు మీద పడటానికి మూలం ఇదే. వైండింగ్‌లో లోపమేమీ లేదు.

ఐదు హెచ్‌పీ పెట్టి ఉంటే

మోటారు మీద రాసిన హెచ్‌పీ అది ఎప్పుడూ ఇచ్చే శక్తి కాదు, వేడెక్కి చెడిపోకుండా ఇవ్వగల శక్తి. ఒక హెచ్‌పీ 746 వాట్లు. మూడు హెచ్‌పీని నేమ్ ప్లేట్‌పై 2.2 కిలోవాట్లుగా, ఐదు హెచ్‌పీని 3.7 కిలోవాట్లుగా రాస్తారు. ఇది షాఫ్టు దగ్గర దొరికే శక్తి. లైను నుంచి తీసుకునేది ఇంతకంటే ఎక్కువే. ఈ సింగిల్ ఫేజ్ మోటారు సామర్థ్యం దాదాపు 76 శాతం అనుకుంటే, షాఫ్టుకు 2200 వాట్లు అందించడానికి లైను నుంచి దాదాపు 2900 వాట్లు లాగాలి. ‘2.2 కిలోవాట్ల మోటారు కాబట్టి గంటకు 2.2 యూనిట్లు’ అని లెక్కవేసేవారు మొదట తప్పేది ఇక్కడే.

సింగిల్ ఫేజ్‌లోనే ఐదు హెచ్‌పీ మోటారు తెచ్చి ఉంటే అది పూర్తి లోడు మీద దాదాపు పాతిక ఆంపియర్లు, స్టార్టింగ్‌లో వందకు పైగా అడిగేది. అదే రెండున్నర వైరులో వోల్టేజీ ఇంకా పడిపోయేది. మర కొలతల ప్రకారం షాఫ్టుకు కావలసింది 2.1, 2.2 కిలోవాట్ల మధ్యనే. మూడు హెచ్‌పీ సరిపోతుంది. చాలనిది మోటారుకు అందుతున్న వోల్టేజీ. ఈ మాట అక్కకు చెప్పడానికి కొంత సమయం పట్టింది. పెద్ద మోటారు కొంటే నమ్మకం కలుగుతుంది, మంచి వైరు కొంటే ఎవరికీ కనిపించదు. నా అనుభవంలో చిన్న మిల్లుల డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పండగ గడిచేదాకా

త్రీ ఫేజ్ సర్వీసు రావడానికి దరఖాస్తు, తనిఖీ, మీటరు మార్పిడి కావాలి. సంక్రాంతి అంతదాకా ఆగదు. అందుకని మీటరు నుంచి మర దాకా నాలుగు కోర్ల, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అప్పుడే వేయించాను. రెండు కోర్లను అప్పటికి సింగిల్ ఫేజ్‌కు వాడి, త్రీ ఫేజ్ వచ్చాక మిగతావి కలుపుకోవాలన్నది ఆలోచన. మళ్లీ గోడ తవ్వే పని ఉండదు. ఈ కేబుల్‌కు 32 ఆంపియర్ల ఎంసీబీ సబబే కాబట్టి అప్పుడు దాన్ని తిరిగి పెట్టాను. కెపాసిటర్, సెంట్రిఫ్యూగల్ స్విచ్ కొత్తవి వేశాం.

స్టార్టింగ్‌లో మోటారు దగ్గర వోల్టేజీ 163 నుంచి 179కి పెరిగింది. బలం సగం నుంచి అరవై శాతానికి చేరింది. లేవడానికి నాలుగు సెకన్లు పట్టింది. పూర్తి లోడు మీద కరెంటు 17.8కి దిగింది, ఇంకా నేమ్ ప్లేట్ కంటే ఎక్కువే. వైరు మార్చి మన ఇంటి లోపాన్ని సరిచేయగలం కానీ సాయంత్రం వీధిలో పడిపోయే వోల్టేజీని లేపలేం. ‘అక్కా, సాయంత్రం నాలుగు దాటాక తడి బియ్యం తీసుకోవద్దు. ఆపే ముందు తొట్టి మూసి, రాళ్ల మధ్య పిండి మొత్తం బయటికి వచ్చాకే స్విచ్ ఆపండి’ అని చెప్పాను. ఆ ఒక్క అలవాటుతో పండగ గడిచింది.

త్రీ ఫేజ్ లైను లేకుండానే త్రీ ఫేజ్ మోటారు నడిపే దారులు రెండు ఉన్నాయి. వాటినీ పరిశీలించాను. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్ అనే ఎలక్ట్రానిక్ పరికరం పెడితే మోటారు మెత్తగా లేస్తుంది. అయితే 230 వోల్టుల డ్రైవ్ బయటికి ఇచ్చేది కూడా 230 వోల్టులే కాబట్టి, 415 వోల్టులకు స్టార్‌లో (మూడు కాయిళ్ల చివరలు ఒకచోట కలిసేలా) ఉన్న మోటారును డెల్టాకు (కాయిళ్లు త్రికోణంలా కలిసేలా) మార్చుకోవాలి. అందుకు నేమ్ ప్లేట్ అనుమతించాలి. పైగా ఈ శక్తి గల డ్రైవ్ సింగిల్ ఫేజ్ లైను నుంచి ఇరవైకి పైగా ఆంపియర్లు లాగుతుంది. పిండి దుమ్ము చొరబడని పెట్టె కూడా కావాలి. రెండో దారి, మూడో టెర్మినల్‌కు కెపాసిటర్ తగిలించడం. కిలోవాట్‌కు దాదాపు 70 మైక్రోఫారడ్లు అనే లెక్క వర్క్‌షాపుల్లో చెబుతారు. ఫ్యానుకో, చిన్న సాన యంత్రానికో అది సరిపోవచ్చు. స్టార్టింగ్ బలం బాగా తగ్గిపోతుంది, మోటారు పూర్తి శక్తి దక్కదు. తడి పిండి పట్టిన మరకు పనికిరాదు. వీధిలోనే త్రీ ఫేజ్ లైను ఉన్నప్పుడు ఈ రెండూ అనవసరం.

నాలుగున్నర ఆంపియర్ల లెక్క

సర్వీసు మారింది. కొత్త మోటారు కూడా మూడు హెచ్‌పీయే: 2.2 కిలోవాట్లు, 415 వోల్టులు, 4.6 ఆంపియర్లు. దాన్ని చూసి అక్క చాలా సంతోషించారు. ‘చూశావా తమ్ముడూ, పదిహేనున్నర ఎక్కడ, నాలుగున్నర ఎక్కడ! మూడో వంతు కూడా లేదు. బిల్లూ అంతే కదా?’

ఇది ఆమె ఒక్కరి అపోహ కాదు. మోటార్లు అమ్మేవారు కూడా ఇలాగే చెప్పడం విన్నాను. ఆంపియర్లను వోల్టులతో కలిపి చూడాలి, ఎన్ని తీగల్లో పారుతున్నాయో కూడా చూడాలి. సింగిల్ ఫేజ్‌లో 15.5 ఆంపియర్లు 230 వోల్టుల మీద ఒకే జత తీగల్లో పారుతున్నాయి. త్రీ ఫేజ్‌లో 4.6 ఆంపియర్లు మూడు తీగల్లోనూ పారుతున్నాయి. ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య 415. త్రీ ఫేజ్ లెక్కలో 1.732 అనే గుణకం రావడానికి కారణం ఈ 240, 415ల నిష్పత్తే. మూడు ఫేజుల్లో 4.6 చొప్పున కలిపితే 13.8 అవుతుంది. పాత 15.5కు ఇది ఎంతో దూరం లేదు. శక్తి దాదాపు అంతే. అది మూడు దారుల్లోకి పంచబడింది.

‘మూడింటిలోనూ కరెంటు వెళ్తుంటే తిరిగొచ్చే తీగ ఏది మామయ్యా?’ అని అబ్బాయి అడిగాడు. చాలా మంచి ప్రశ్న. మూడు కరెంట్లూ ఒకదాని వెనక ఒకటి, మూడో వంతు చక్రం తేడాతో నడుస్తాయి. ఏ క్షణం చూసినా మూడింటి మొత్తం సున్నా. ఒక దాంట్లో వెళ్లింది మిగతా రెండింటిలో తిరిగి వస్తోంది. అందుకే మోటారుకు న్యూట్రల్ అవసరం లేదు. త్రీ ఫేజ్‌లో దక్కే అసలు లాభం ఇక్కడే ఉంది. తీగల్లో వృథా అయ్యే వేడిని లెక్కవేస్తే, సింగిల్ ఫేజ్‌లో రెండు తీగలు, ఒక్కోదానిలో 15.5 వర్గం, మొత్తం 480. త్రీ ఫేజ్‌లో మూడు తీగలు, ఒక్కోదానిలో 4.6 వర్గం, మొత్తం 63.5. అదే మందం తీగల్లో వృథా ఏడో వంతు కంటే తక్కువ. రష్యాలో పుట్టిన ఇంజినీరు దొలీవో-దొబ్రొవోల్‌స్కీ బృందం 1891లో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్లు త్రీ ఫేజ్ విద్యుత్తు పంపి చూపించిన తర్వాత ప్రపంచమంతా ఈ దారి పట్టింది. నలభై మీటర్ల పెరటి దూరానికి కూడా అదే లెక్క వర్తిస్తుంది.

రెండో లాభం చేత్తో తాకితే తెలుస్తుంది. సింగిల్ ఫేజ్‌లో అందే శక్తి సెకనుకు వంద సార్లు ఎగసి పడుతుంది. పాత మోటారు స్టాండు మీద చెయ్యి వేస్తే గరగరమని అదిరేది. త్రీ ఫేజ్‌లో మూడు ఫేజులూ కలిసి ఇచ్చే శక్తి నిలకడగా ఉంటుంది, క్షేత్రం తనంతట తాను తిరుగుతుంది. కెపాసిటర్ లేదు, సెంట్రిఫ్యూగల్ స్విచ్ లేదు. చెడిపోయే భాగాలు రెండూ లేకుండా పోయాయి. నేరుగా లైను మీద స్టార్ట్ చేస్తే కరెంటు 28 ఆంపియర్ల దాకా ఎగసి, రెండు సెకన్లలోపే మర వేగం అందుకుంది.

ఇక బిల్లు. పాత వైరు మీద ఉన్నప్పుడు గోధుమలు ఒకే తీరున వదులుతూ గంటసేపు ఆడించి మీటరు చూసుకున్నాం. 3.2 యూనిట్లు. కొత్త మోటారు మీద అలాగే చేస్తే 2.5 యూనిట్లు. అయిదో వంతుకు కాస్త పైన తగ్గింది. ఆ 0.7 యూనిట్లలో దాదాపు 0.23 పాత వైరు తిన్నది. వైరు మార్చడంతోనే ఆ 0.23లో ఎక్కువ భాగం ఆదా అయింది. తక్కినది కొత్త మోటారు సామర్థ్యం ఎక్కువగా ఉండటం వల్ల. తగ్గింపు మంచిదే, కానీ అక్క ఆశించినంత కాదు. నిరాశపడ్డారు. మొదటే నిజం తెలియడం మేలని నేను ఆ అంకెలను వాళ్ల ఖాతా పుస్తకంలో రాయించాను.

ఆంపియర్లను మాత్రమే చూసి శక్తిని అంచనా వేయకూడదనడానికి ఇంకో పరీక్ష చేశాం. బెల్టు తీసేసి మోటారును ఖాళీగా తిప్పాం. క్లాంప్ మీటరులో 2.3 ఆంపియర్లు. ‘ఖాళీగా తిరుగుతూనే సగం కరెంటు తాగేస్తోందే!’ అన్నాడు అబ్బాయి. అదే మీటరులో వాట్లు చూపించాను. మూడు వందలు మాత్రమే. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికి వెళ్లే వంతు, 0.19. ఖాళీ మోటారు లాగే కరెంటులో అధిక భాగం అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికి వెళ్లి తిరిగి వస్తుంటుంది. వైరు ఆ కరెంటును మోయాలి గానీ యూనిట్లలో అది పడదు.

15 దగ్గర తిప్పి పెట్టిన రిలే

త్రీ ఫేజ్ బిగించే పని వేరే ఎలక్ట్రీషియన్ చేశారు. అంతా అయ్యాక నన్ను ఒకసారి చూడమన్నారు. స్టార్టర్ మూత తీయగానే, కరెంటు హద్దు దాటితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే కనిపించింది. 9 నుంచి 15 ఆంపియర్ల రేంజి, మీట 15 మీద. మూడు హెచ్‌పీ అంటే పదిహేను ఆంపియర్లు అన్న పాత అంకెను ఇక్కడ కూడా వాడేశారు. మోటారు 4.6 దగ్గర అలసిపోతే, రిలే 15 దాటేదాకా మెలకువ రాదు. పెట్టెలో రిలే ఉంది, మోటారుకు రక్షణ లేదు. దానికి తోడు, మూడు ఫేజులకూ మూడు విడివిడి ఎంసీబీలు పెట్టారు, వాటి మీటలను కలిపే కడ్డీ లేదు. ఒకటి పడితే మిగతా రెండూ పడవు.

సముద్రం ఇంత దగ్గరగా ఉన్న పాతనగరంలో ఉప్పు గాలికి ఫ్యూజు బేసులు, టెర్మినల్ స్క్రూలు పచ్చగా కిలుము పడతాయి. ఒక ఫేజు కాంటాక్టు పోవడం ఇక్కడ అరుదు కాదు. అప్పుడు ఏమవుతుందో వాళ్లిద్దరి ఎదుటే చూపించాను. తొట్టి సగం తెరిచి మర నడుపుతున్నాం, మూడు ఫేజుల్లోనూ 3.4 ఆంపియర్లు. ఒక ఎంసీబీ దించాను. మోటారు ఆగలేదు. గొంతు మారింది, అంతే. ఆ ఫేజులో సున్నా, మిగతా రెండింటిలో ఆరు ఆంపియర్ల చొప్పున. అదే లోడును రెండు తీగల మీద లాగాలంటే కరెంటు దాదాపు 1.7 రెట్లు కావాలి. మోటారు మోయగలిగింది 4.6, పారుతున్నది 6, రిలే సెట్టింగు 15. వెంటనే ఆపేశాను. ఆ రెండు ఫేజులతోనే మళ్లీ స్టార్ట్ చేస్తే మోటారు హూంకరించి నిలబడిపోయింది, లేవలేదు. ఎవరూ చూడని వేళ ఇలా జరిగితే కొద్దిసేపటిలో వైండింగ్ మాడి వాసన వస్తుంది. రీవైండింగ్ దుకాణాల్లో కాలిన స్టేటర్లు (మోటారులో కదలని, కాయిళ్లు చుట్టిన భాగాలు) చూసేవారికి ఇది వెంటనే తెలుస్తుంది. స్టార్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి మూడోది కొత్తదిలా మెరుస్తూ ఉంటే, డెల్టాలో ఒక ఫేజు మాత్రమే మాడి ఉంటే, అది ఒక ఫేజు పోయి కాలిన మోటారే.

రిలేను 3 నుంచి 5 ఆంపియర్ల రేంజి దానితో మార్చి 4.6 దగ్గర పెట్టించాను. విడి ఎంసీబీల స్థానంలో మూడు ఫేజులూ ఒకేసారి పడే ఎంసీబీ. దీనితో పాటు ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా పెట్టించాను. అయితే వోల్టేజీని మాత్రమే చూసే రకం కాదు. తిరుగుతున్న మోటారు పోయిన ఫేజు టెర్మినల్ మీద తనే వోల్టేజీ పుట్టిస్తుంది, దాన్ని చూసి అలాంటి ప్రివెంటర్ మోసపోవచ్చు. కరెంటును చూసే రకం తీసుకోమన్నాను. ధర కాస్త ఎక్కువే, ఒక్క రీవైండింగ్ తప్పినా ఆ ఖర్చు మిగిలినట్టే. మోటారు ఒంటికి ఒకే ఎర్తు తీగ ఉంది. త్రీ ఫేజ్ మోటారుకు రెండు వేర్వేరు ఎర్తు తీగలు ఉండాలన్నది నిబంధన, రెండోది వేయించాను.

అన్నీ అయ్యాక స్విచ్ వేస్తే మర వెనక్కి తిరిగింది. రెండు ఫేజులు తారుమారు చేస్తే సరిపోయింది. ఇది చిన్న విషయమే, కానీ వీధిలో కేబుల్ మరమ్మతు జరిగాక ఫేజుల వరస మారే అవకాశం ఉంటుంది. అందుకని బెల్టు గార్డు మీద తిరగవలసిన దిశకు ఎర్ర పెయింటుతో బాణం గీయించాను.

ఆ సాయంత్రం పూర్తి లోడు మీద తుది కొలతలు: లైను వోల్టేజీలు 389, 392, 398. కరెంట్లు 4.2, 4.4, 4.6. వోల్టేజీలలో ఒక్క శాతానికి మించిన తేడా కరెంట్లలో అంతకు ఎన్నో రెట్లు కనిపిస్తుంది, కాబట్టి ఈ తేడా సహజమే. ఒక ఫేజు తక్కిన వాటి నుంచి ఇంకా దూరం జరిగితే ముందు వోల్టేజీలు కొలవాలి, మోటారును తప్పుపట్టకూడదు.

వేసవిలో ఆవకాయ రోజులకు కారం మర కూడా పెట్టాలని అక్క ఆలోచన. దానికి ఐదు హెచ్‌పీ అవసరమే. ఎండు మిరపను కొట్టే యంత్రం పిండి మర కంటే ఎక్కువ బలం అడుగుతుంది. త్రీ ఫేజ్‌లో అది పూర్తి లోడు మీద ఏడున్నర ఆంపియర్లు. ఇప్పుడు వేసిన కేబుల్ రెండు మోటార్లనూ మోయగలదు. సర్వీసుకు మంజూరైన లోడు మాత్రం పెంచుకోవాలి. దానికి వేరే స్టార్టర్, వేరే రిలే, ఆ మోటారు నేమ్ ప్లేట్ మీది అంకెకే సెట్టింగు. ఐదు హెచ్‌పీ మోటారును ముందు స్టార్ట్ చేసి, అది వేగం అందుకున్నాక మూడు హెచ్‌పీ స్విచ్ వేయాలని స్టార్టర్ తలుపు లోపల అబ్బాయి చేతే రాయించాను.